ఆరో కృత్యం వెంట అయిదు ఊళ్లు

నేను రాసిన అర పేజీ ఒక ఇంట్లో ఏం చేసిందో చూడటానికి పోయిన చలికాలం జగిత్యాల బస్సెక్కాను. దారిలో గుడి ఒకటి తగిలింది కానీ లోపలికి వెళ్లలేదు. పుణ్యం కోసం చదివేవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. బడి టీచర్ల కోసం చేతిపుస్తకాలు రాస్తాను. పాఠానికి లక్ష్యం ఎలా రాయాలి, ఆ లక్ష్యం నెరవేరేలా పిల్లల చేత ఏ కృత్యం చేయించాలి, పిల్లలు సొంతంగా ఆలోచించాలంటే ప్రశ్న ఎలా వేయాలి, ఇరవై ఏళ్లుగా ఇదే గోల. "పిల్లలు తెలుసుకుంటారు" అని ఎవరైనా లక్ష్యం రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. తెలుసుకున్నారని మీకెలా తెలిసింది? కంటికి కనబడే క్రియ రాయండి: పోలుస్తారు, ప్రశ్నిస్తారు, ఆధారం చూపుతారు. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఉప్పు తక్కువైందని ఊరికే అంటారా, ఆధారం చూపుతారా?" అని వెక్కిరిస్తుంది.

నా పుస్తకంలో ఆరో కృత్యం పేరు "ఇంట్లో విన్న మాట". పిల్లలు మూడు గడులు గీసుకోవాలి. విన్న మాట ఏమిటి, ఎవరు చెప్పారు, దానికి ఆధారం ఏమిటి. చివర్లో ఒక నిర్ణయం రాయాలి. రాత్రిపూట పెరుగు తింటే జలుబు చేస్తుందన్న మాటను ఉదాహరణగా ఇచ్చాను. హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చుని రాసేవాడికి ఇళ్లలో అంతకంటే పెద్ద మాటలు ఉంటాయని ఎందుకు తోస్తుంది?

మేడిపల్లి దగ్గర ఒక ఊళ్లో పనిచేసే స్వరూప అనే టీచరు ఫోన్ చేసింది. "సార్, మీ ఆరో కృత్యం చేయించిన. మా ఎనిమిదో తరగతిల మంచిగ చదివే పిల్ల అక్షిత బడి బంద్ చేసింది. నేను పోతే వాళ్ళు తలుపు తీస్తలేరు. పుస్తకం రాసింది మీరు గదా, ఒక్కసారి అచ్చి మాట్లాడుండ్రి" అంది. ఏం జరిగిందని అడిగితే, "ఫోన్ల చెప్పే ముచ్చట కాదు సార్" అని పెట్టేసింది.

జగిత్యాల: అందరి ఊరూ రామాపురమే

బస్టాండులో దిగగానే చెప్పు తెగింది. కుట్టిన పెద్దాయన ముప్పై రూపాయలు తీసుకుని, "నెల్లూరోళ్ళా? గంత దూరంకెళ్ళి గీ చెప్పులేస్కొని అచ్చిండ్రా?" అన్నాడు. నా నెల్లూరు యాస నాలుగు మాటల్లో పట్టేశాడు. నేను ఆయన మాటలో సగమే పట్టుకున్నాను. పక్క బండి మీద సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకి అద్ది కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టెకు దూరపు చుట్టం అనుకోవచ్చు, కారంలో మాత్రం నెల్లూరును ఓడిస్తుంది.

ఎలాగూ వస్తున్నాను కదా అని ఆ రోజు టీచర్ల శిక్షణలో నన్ను కూర్చోబెట్టారు. నలభై మంది పాఠ్య పథకాలు నా ముందు పెట్టారు. తిరగేస్తుంటే నవ్వొచ్చింది, తరవాత నవ్వు పోయింది. నా పుస్తకంలో ఉదాహరణకని రామాపురం అనే ఊరు ఒకటి కల్పించాను. నలభై పథకాల్లోనూ పిల్లలు రామాపురం చెరువు గురించే ఆలోచిస్తున్నారు. పిల్లలకు సొంత ఆలోచన నేర్పే లక్ష్యాన్ని పెద్దలు నలభై మంది ఒకరి దాంట్లోంచి ఒకరు దింపేశారు.

కాస్త గట్టిగానే అన్నాను. వచ్చే ఏడు రిటైరయ్యే ఒక సారు చివరి వరసలోంచి లేచి, "కోపానికి రాకుండ్రి సార్. మీ క్రియలు మంచిగనే ఉన్నయి. రామాపురం అయితే ఎవ్వలికి ఏం గాదు. మా ఊర్ల పిల్ల 'ఎందుకు' అని అడిగిందనుకోండ్రి, జవాబు చెప్పేటాయన దుబాయ్‌ల ఉంటడు. ఇంట్ల ఉన్నోళ్ళకు చెప్ప బుద్ధి గాదు. గందుకే రామాపురం" అన్నాడు. ఈ వైపు గల్ఫ్ దేశాలన్నిటికీ దుబాయ్ అనే పేరు. హాల్లో ఎవరూ నవ్వలేదు. భోజనాలకు లేచాం.

కోరుట్ల: ఆగని చేతులు

మర్నాడు కోరుట్ల బస్సులో నేను నిలబడే వెళ్లాను. ఆధార్ కార్డు చూపించి ఉచిత టికెట్ తీసుకున్న ఆడవాళ్లతో సీట్లన్నీ నిండిపోయాయి. న్యాయమే, ఇన్నేళ్లూ వాళ్లు నిలబడ్డారు. కిటికీలోంచి పసుపు చేలు, ఎక్కడికక్కడ రేకుల గేట్లతో కొత్త మేడలు కనిపించాయి. సగం మేడల్లో మనుషులున్న జాడ లేదు.

స్వరూప ఉండేది కోరుట్లలోనే. వాళ్ల వీధిలో అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. ఒడిలో చేట, చేటలో తునికాకు, తంబాకు. నేను దారి అడిగితే ఒకామె తలెత్తి చెప్పింది, ఇంకొకామె కాదని సరిదిద్దింది, మూడో ఆమె నన్ను చూసి నవ్వింది. ముగ్గురి చేతులూ ఒక్క క్షణం ఆగలేదు. ఆకు చుట్టడం, దారం వేయడం, కొస మడవడం వాటి పాటికి అవి జరిగిపోతున్నాయి. మా వైపు పూలు కట్టే ఆడవాళ్లు కూడా ఇలాగే కట్టేస్తారు కానీ కబురు బాగుంటే చేయి ఆపి వింటారు. ఇక్కడ ఆపితే పూట గడవదని స్వరూప తరవాత చెప్పింది.

స్వరూపకి ముప్పై అయిదేళ్లుంటాయి. వేడివేడి మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, ప్లేటులో పెట్టి, పక్కన అక్షిత నోటుబుక్కు పెట్టింది. "ముందుగాల తినుండ్రి సార్. చదివినంక తినబుద్ధి గాదు" అంది. తినకుండానే తెరిచాను.

గడులు స్కేలు పెట్టి గీసుకుంది పిల్ల. ఇక్కడ బాపు అంటే తండ్రి, బాపమ్మ అంటే ఆయన తల్లి. విన్న మాట: బాపుకు యాక్సిడెంట్ అయింది, దుబాయ్ దవాఖానలో ఉన్నడు, నయం అవుతుంది. ఎవరు చెప్పారు: చిన్నాయన. మూడో గడి సరిపోక పక్క పేజీకి కూడా పాకింది. బాపు ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తడు, రెండు శుక్రవారాలు పోయినయి. దవాఖాన ఫొటో అడిగితే చిన్నాయన చూపెట్టలేదు. అమ్మ ఫోన్ చిన్నాయన తీసుకున్నడు. మా ఇంటికి వచ్చినోళ్ళు చాయ్ తాగుతలేరు. బాపమ్మ అమ్మను పూలు పెట్టుకోమంటది, తర్వాత దొడ్లోకి పోయి ఏడుస్తది. అన్నిటి కింద గీత గీసి రాసింది. నిర్ణయం: ఈ మాటకు ఆధారం లేదు.

దాని కింద ఎర్ర సిరాతో స్వరూప రాత ఉంది. "శభాష్! ఆధారాలు చాలా బాగా సేకరించావు." తేదీ, సంతకం.

"గా దినం నలభై పుస్తకాలు దిద్దిన సార్" అంది స్వరూప. "పట్టిక మంచిగున్నదా, కారణాలు వరసగ ఉన్నయా, గిదే సూసిన. ఏం రాసిందో సూడలే. గంతే గాదు, నిలబడి చదువుమన్న. చదివింది. క్లాసంత సప్పుడు జెయ్యకుంట విన్నది. మంచిగ వింటున్నరని నేను సంబురపడ్డ. సగం మంది పిల్లలకు ఇంట్లకెళ్ళి ముందే ఎరుక సార్, ఆయన సచ్చిపోయిండని. గందుకు సప్పుడు జెయ్యలే."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మొహం అది. ఆ పట్టికకు నేనైనా అదే శభాష్ రాసేవాణ్ని. నేను కోరిన లక్ష్యం అక్షరాలా నెరవేరింది.

మేడిపల్లి దాటాక: చిన్నాయన చెప్పిన లెక్క

మర్నాడు స్వరూపతో కలిసి వాళ్ల బడి ఊరికి వెళ్లాను. అక్షిత, వాళ్లమ్మ రజిత ఇప్పుడు సిరిసిల్లలో మేనమామ ఇంట్లో ఉంటున్నారు. ఇక్కడ ఉన్నది బాపమ్మ, చిన్నాయన. స్వరూపను చూసి బాపమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. చిన్నాయన మాత్రం నన్ను పొలం గట్టున కూర్చోబెట్టాడు.

నేను కోపంతోనే వెళ్లాను. కట్టుకున్న మనిషికి భర్త చావు చెప్పకుండా దాస్తారా అన్నది నా కోపం. మా వైపు అలా ఎవరూ దాచరు. మా నాన్న పోయినప్పుడు నేను బస్సు దిగకముందే వీధి చివర ఆడవాళ్లు శోకాలు మొదలుపెట్టారు.

ఆయన నింపాదిగా చెప్పాడు. "మీ దిక్కు శవం ఇంట్ల ఉంటది సార్. మాకు శవం పెట్టెల రావాలె. కాగితాలు గావాలె, కంపెనోడు సంతకం పెట్టాలె, విమానం దొరకాలె. నెల పట్టచ్చు, రెండు నెలలు పట్టచ్చు. ఇయ్యాల చెప్తే ఇయ్యాల్టి సంది ఏడుస్తది. శవం లేకుంట ఎన్ని దినాలు ఏడుస్తది? బొట్టు తియ్యాల్నా, ఉంచాల్నా? మైల ముట్టుడు ఎప్పటి సంది? పెట్టె అచ్చిన దినమే చెప్తం మేము. అందరం గట్లనే చేస్తం. గా నడుమ దినాలు ఆమె మంచిగ తినని, నిద్రపోని అని."

నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది అబద్ధమే, కానీ జాలితో ఊరంతా కలిసి మోసే అబద్ధం. నా పట్టికలో దానికి గడి లేదు.

"పిల్ల మీద మాకు కోపం లేదు" అన్నాడాయన లేస్తూ. "మా అవ్వనే, కన్నతల్లి గదా, తట్టుకోలేక ఒక మాట జారింది. నీ నోటి మాటకే పోయిండే నా కొడుకు అన్నది. గా మాట పిల్లకు పట్టుకున్నది సార్. దాన్ని తీసుడు మాకు చాతనైతలేదు. మీకు చాతనైతే తియ్యుండ్రి."

వేములవాడ: కోడె మొక్కు

సిరిసిల్లకు వేములవాడలో బస్సు మారాలి. తొందరలో నా గొడుగు మొదటి బస్సులోనే వదిలేశాను. బస్టాండులో పూజ సంచీతో ఒకామె నా పక్కన కూర్చుంది. ఇక్కడి గుడిలో దేవుడు రాజన్నకు కోడె మొక్కు చెల్లించి వస్తోందట. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయడం ఇక్కడి మొక్కు. ఎందుకు మొక్కుకున్నారని అడిగాను, అలవాటు చొప్పున.

"మా ఆయన దుబాయ్‌కెళ్ళి మంచిగ అచ్చిండు సార్. ఆరేండ్లకు అచ్చిండు" అని నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టింది. సంతోషంగా ఉందామె. ఆ కొబ్బరి ముక్కను సిరిసిల్ల దాకా చేతిలోనే పట్టుకుని వెళ్లాను.

సిరిసిల్ల: రెండు తేదీలు

సిరిసిల్లలో దిగితే ముందు వినబడేది సాంచెల చప్పుడు. మరమగ్గాలను ఇక్కడ సాంచెలంటారు. ఆ చప్పుడులో అందరూ కొంచెం గట్టిగా మాట్లాడతారు, గట్టిగా చెప్పలేని మాటలు మాట్లాడరు. అక్షిత మేనమామ ఇంటి ముందు గదిలోనే నాలుగు సాంచెలున్నాయి. వాటి మీద నేస్తున్నది బడి పిల్లల యూనిఫాం బట్ట. ఆయన తలనిండా దూది పొట్టు. చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టి, లోపలికి దారి చూపించాడు.

రజిత వెనక గదిలో బీడీలు చుడుతోంది. చేటను పక్కన పెట్టి చాయ్ ఇచ్చింది. నేను తాగాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. "తాగుండ్రి సార్. అయిపోయినయి గా దినాలు" అంది.

అక్షిత తలుపు పక్కన నిలబడింది. సన్నటి పిల్ల, రెండు జడలు. నేను ఏదో అడిగాను, తల ఊపింది. ఇంకేదో అడిగాను, మళ్లీ ఊపింది. నీళ్లు తెమ్మని వాళ్లమ్మ బయటికి పంపింది.

"నాకు ఎట్ల తెలిసిందో చెప్తా సార్" అంది రజిత. "పొద్దుమూకె యాళ్ల అయిదుగురం అరుగు మీద బీడీలు చేస్తున్నం. ఇది బడికెళ్ళి అచ్చి, అమ్మా బాపు లేడా అని అడిగింది. నేను కసిరి కొడ్దామని లేసిన. గప్పుడు సూసిన, నలుగురి చేతులు ఆగినయి. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న సార్ బీడీలు, గట్ల ఎన్నడు ఆగలే. గంతే, ఎవ్వలు చెప్పే పని లేకపాయె."

చేటను మళ్లీ ఒళ్లోకి లాక్కుని అంది. "గా దినాలల్ల నేను నవ్విన సార్. పూలు పెట్టుకున్న. అందరికి ఎరుకుండి సూసుకుంట ఉన్నరు. నా బిడ్డ ఒక్కతే నాకు నిజం చెప్పింది. దాని మీద నాకు ఏం లేదు. అది మాత్రం, నేను రాసిన దినమే బాపు సచ్చిపోయిండు అంటది. రాయకపోతే దవాఖానలనే ఉంటుండె అంటది. బడి మాటెత్తితే వణుకుతది."

నా దగ్గర స్వరూప ఇచ్చిన నోటుబుక్కు ఉంది. అందులో ఎర్ర సిరా తేదీ ఉంది. పెట్టెతో పాటు వచ్చిన చావు కాగితం ఉందా అని అడిగాను. ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఇంగ్లీషు, అరబ్బీ అక్షరాల కాగితం. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ చదవలేదు, పిల్లకు చూపించలేదు. చదివాను. ఆయన పోయిన తేదీకీ, స్వరూప సంతకం చేసిన తేదీకీ మధ్య పదకొండు రోజులున్నాయి.

చూపించాలంటే భయమేసింది. ఒకసారి చేతులు కాల్చిన కృత్యాన్నే మళ్లీ ఆ పిల్ల ముందు పెట్టబోతున్నాను. రజితను అడిగాను. "సూపియ్యుండ్రి సార్. ఇగ దాసుడు వద్దు" అంది.

అక్షిత వచ్చి కూర్చుంది. నోటుబుక్కు తేదీ మీద ఒక వేలు, కాగితం మీద తేదీకి ఒక వేలు పెట్టించాను. ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల పెదాలతో లెక్కపెట్టింది. మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టింది.

"పదకొండు దినాలు" అంది. నేను ఆ పిల్ల గొంతు వినడం అదే మొదటిసారి. "నేను రాయక ముందుగాలనే పోయిండు."

"అవునమ్మా. నువ్వు రాసినందుకు పోలేదు."

ఆ పిల్ల మొహంలో ఏదో సడలింది. నాకు అంత దుఃఖంలోనూ గర్వం వేసింది, ఒప్పుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా రాసిన క్రియలన్నీ ఆ ఒక్క నిమిషం కోసమే అనిపించింది. ఆ నిమిషం దాటలేదు. అక్షిత కాగితం వదలకుండా గుమ్మం వైపు తిరిగింది. సాంచె ఆపి వచ్చిన మేనమామ అక్కడ నిలబడి ఉన్నాడు.

"మామా, గీ పదకొండు దినాలు నీకు ఎరుకేనా?"

ఆయన చెల్లెలి వైపు చూశాడు. "ఎరుకే అక్షితా" అన్నాడు.

"గా నడుమ ఆదివారం మా ఇంటికి అచ్చినవు. నాకు డ్రెస్సు కొనిచ్చినవు. బాపు జల్దీ అస్తడన్నవు."

"ఔ బిడ్డా. గట్లనే అన్న."

"చిన్నాయనకు, బాపమ్మకు, మా క్లాసోళ్ళకు, అందరికి ఎరుకేనా?"

పక్క ఇంటి సాంచెలు మోగుతూనే ఉన్నాయి. అక్షిత ఏడవలేదు. కాగితాన్ని దాని మడతల వెంటే మడిచి వాళ్లమ్మకు ఇచ్చింది. నోటుబుక్కును నా వైపు జరిపింది.

"గిది నాకు వద్దు సార్, మీరే ఉంచుకోండ్రి. బడికి పోత. సదువుమంటే సదువుత. నన్ను లేసి మాట్లాడుమనకుండ్రి."

ఇంటికి వచ్చాక

వచ్చిన పని అయిందని అందరూ అన్నారు. స్వరూప ఫోన్లో ఏడ్చేసింది, ఈసారి సంతోషంతో. నాకు ఆ సంతోషం అంటలేదు. మెడమీది బరువు దించి వీపుమీద పెట్టి వచ్చానని తెలుసు.

చేతిపుస్తకం మళ్లీ అచ్చుకు వెళ్తోంది. ఆరో కృత్యం తీసేయమంటారా అని అడిగారు. రెండు వారాలు తేల్చుకోలేకపోయాను. తీసేస్తే మళ్లీ అందరూ రామాపురం చెరువు గట్టునే కూర్చుంటారు. చివరికి ఉంచి, కింద టీచర్లకు ఒక మాట కలిపాను. ఈ కృత్యం ఇచ్చే ముందు పిల్లల ఇళ్ల సంగతి కనుక్కోండి, ఒక పిల్ల దొరికించుకోబోయే ఆధారం ఏమిటో మీకు ముందే తెలిస్తే ఆ రోజు క్లాసు ఆపి పిల్ల పక్కన కూర్చోండి అని. ఇది లక్ష్యమా, కృత్యమా, ఏ గడిలో పెట్టాలి అని పుస్తకం దిద్దేవాళ్లు అడిగారు. ఇంకా జవాబు రాయలేదు. అక్షిత నోటుబుక్కు నా బల్ల మీదే ఉంది.

పోయిన వారం రజిత ఫోన్ చేసింది. సిరిసిల్ల బడిలో చేర్చిందట. ఒక్క దినం కూడా మానడం లేదట. మామ నేసిన బట్టతోనే యూనిఫాం కుట్టించారట. క్లాసులో ఏమైనా అడుగుతోందా అన్నాను.

"అడుగుతలేదు సార్. ఇంట్ల గూడ ఏం అడుగుతలేదు. ఎవ్వలన్న ఏదన్న చెప్తే ముందుగాల వాళ్ళ చేతుల దిక్కు సూస్తది, గంతే."